అమ్మ నాలుక

12 మార్చి 2013, మంగళవారం

అమ్మా నేనూ పనిచేసే కంపెనీలో హెల్త్ క్యాంప్. గవర్నమెంట్ వాళ్లు నాచారం షెడ్లన్నీ తిరుగుతున్నారట. పచ్చళ్ల కంపెనీకొచ్చి ఉప్పు తగ్గించండని చెప్పారు. నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

అమ్మ బీపీ 180/110. నర్సు గౌతమి మేడం రోజూ ఏం తింటారమ్మా అని అడిగింది. అన్నం, పచ్చడి అంది అమ్మ. సీలు సరిగ్గ పడని ప్యాకెట్లు మాకే ఇస్తరు, ఇగ కూరెందుకు అంది. ఏం పని చేస్తారంటే, ఉప్పు జూస్త అంది. షెడ్డంతా నవ్వింది.

నిజంగా అదే పని. ఒక్కో లోడు కాయ ఒక్కో తీరు. కలిపాక అమ్మ నోట్లో వేసుకుని సరే అంటేనే డ్రమ్ములోకి వెళ్తుంది. పదకొండేళ్లుగా. సూపర్‌వైజర్ బుచ్చిరాములు ఆమెని ల్యాబ్ అంటాడు. సత్తక్కా, రిపోర్టు ఏందే అని.

వెళ్లేటప్పుడు ఓనర్ జనార్ధనరావు సార్ నర్సులకు తలా కిలో ఆవకాయ ఇచ్చాడు. తీసుకున్నారు.

13 మార్చి

క్యాంప్‌లో ఇచ్చిన పాంప్లెట్ మూడుసార్లు చదివాను. మనిషికి రోజుకు ఐదు గ్రాముల ఉప్పు. ఒక చిన్న చెంచా. నేను బడి ఏడో తరగతిలోనే మానేశాను గానీ చదివింది మాత్రం వదలను. ఇంట్లో పచ్చడంతా పక్కింటికి ఇచ్చేశాను. అమ్మ ఇల్లెగిరేలా అరిచింది. సంతోషీ, నేనేమన్న దవాఖానల పడ్డనానే అంది. పడకూడదనే అన్నాను.

29 మార్చి

చప్పిడి సొరకాయ. బర్రెనా నేను, గడ్డి వెడుతున్నవ్ అని అమ్మ రెండు ముద్దలకే లేచింది. నాకూ దిగలేదు. పంతానికి తిన్నాను.

22 ఏప్రిల్

ఉప్పల్ దవాఖానాలో 146/92. గౌతమి మేడం నా భుజం తట్టింది. గర్వంగా ఉంది. రాసుకోవడానికి సిగ్గేం లేదు.

9 మే

మామిడికాయ సీజన్. షెడ్డులో కాలు పెట్టే చోటు లేదు. ఏ కలుపు నోట్లో వేసుకున్నా అమ్మ మొహం చిట్లిస్తోంది. ఉప్పు కషాయమైందిరా, ఇంకో రెండు తట్టల కాయ వొయ్యి అంటోంది. బుచ్చిరాములు పోయిస్తున్నాడు. ల్యాబ్ చెప్పాక ఇంకేముంది.

17 జూన్, సోమవారం

బూజు. మే నెల డ్రమ్ములు ఏది తీసినా తెల్లగా. అమ్మ కింది నుంచి కొంచెం తీసి నాలుక మీద వేసుకుంది. ఉప్పు మంచిగనే ఉన్నది గదరా అంది. ఎవరూ నవ్వలేదు.

అప్పుడు వెలిగింది నాకు. మూడు నెలలు చప్పిడి తిని అమ్మ నాలుక మారిపోయింది. మార్చింది నేను.

సార్ అరవలేదు. సత్తమ్మకి వయసైపోయింది అన్నాడంతే. రేపటి నుంచి అమ్మ సీసాలు కడగాలి. నేను ఆయన రూముకెళ్లి దులిపేశాను. క్యాంప్ పెట్టనిచ్చింది మీరు, ఉప్పు తగ్గించమని గోడకు పోస్టర్ అంటించింది మీరు అని. పోస్టర్ తినేవాళ్లకమ్మా, చేసేవాళ్లకి కాదు అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. ఏం పీకగలను. లేబుళ్లు అంటించడానికి వెళ్లిపోయాను.

20 జూన్

అమ్మ పొద్దున్నే నాకంటే ముందే సీసాల దగ్గరికి వెళ్లిపోతోంది.

2 జూలై

ఉప్పల్ దవాఖానాలో 138/88. మేడం అందరికీ చూపించింది, సత్తమ్మను చూసి నేర్చుకోండని. అమ్మ చీటీ వైపు చూడలేదు. సీసాలు కడిగే సోడా నీళ్లకు ఆమె వేళ్లు పగిలాయి. బస్టాప్‌లో అడిగింది, నాలుక మళ్ల ఎన్నొద్దులకొస్తదే అని.

నా దగ్గర పాంప్లెట్ లేదు దానికి.

6 జూలై

పప్పులో మునుపటంత ఉప్పు వేశాను. ఎక్కువైందే అంది అమ్మ. కళ్లు మూసుకుని తిన్నది. మళ్లీ పెట్టమంది.

పెట్టాను.