తాత ఫోన్‌కి తమ్ముడి రిజల్టు

మంగళవారం, రాత్రి

నాన్న డ్యూటీ దిగి బిల్హా బజారు నుంచి తెచ్చిన జిలేబీ తాత తింటున్నాడు. వద్దంటే ఫోన్ నా ముఖం ముందు పెట్టాడు. "నువ్వు పంపిందే కదేటే! సుగర్ నార్మలంట. మాత్ర కూడా మానేసేను."

కాలనీ హెల్త్ క్యాంప్ రిజల్టులూ, ఫోన్ నంబర్లూ ఉన్న రెండు డేటా ఫ్రేమ్‌లని, అంటే పట్టికలని, కంప్యూటర్లో ఆర్ ప్రోగ్రామ్‌తో మొన్న నేనే కలిపాను, పేరూ క్వార్టర్ నంబరూ జత చేసి. వరసలు ఎక్కువొచ్చాయి. డూప్లికేట్లనుకుని ఒక్కో ఫోన్‌కి మొదటి వరస ఉంచి మిగతావి తీసేశాను. అచ్ఛా, సరిపోయిందనుకుని అందరికీ మెసేజ్‌లు పంపేశాను. బుద్ధి లేదు నాకు.

తమ్ముడూ అప్పలరాజే, తాత పేరే. క్వార్టరూ ఒకటే. మామగారి పేరు పలకకూడదని అమ్మ వాణ్ని చిన్నోడనే పిలుస్తుంది. మేమూ అంతే. అందుకే ఆ పేరు వాడిదని నాకు తట్టనే లేదు. తాత ఫోన్‌కి వెళ్లింది వాడి రిజల్టు.

ప్లేటు లాక్కున్నాను, దగ్గరుండి మాత్ర వేయించాను. తాత అలిగి పడుకున్నాడు.

నాకే నిద్ర రావట్లేదు. మా క్వార్టర్ల లైన్లో తాత పేరు మనవడికి పెట్టని ఇల్లేది?