నేను క్రాప్ చేసిన ఫోటో

ఫిబ్రవరి 16, 2026

నిన్న శివరాత్రి తిరునాళ్ళలో మా ఊరి ప్రభ ఒరిగింది. వెదురు కర్రలతో కట్టి బండి మీద నిలబెట్టే అరవై అడుగుల ప్రభ. దాని కింద నరసింహారావు పెదనాన్న, అటు తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. అంకారావు బాబాయి ఒక్క దూకు దూకి, కాలర్ దొరకబుచ్చుకుని ఇవతలికి లాగాడు. అంతలో మోకులు పట్టుకున్నవాళ్ళు ప్రభని నిలబెట్టేశారు. ఇద్దరివీ వేర్వేరు పార్టీలు, ఆరేళ్ళుగా మాటల్లేవు. అయినా లాగాడు. ఆ లాగుతున్న క్షణాన్నే నేను ఫోటో తీశాను.

ఇవాళ పెదనాన్న పార్టీ సోషల్ మీడియా చూసే గోపీనాథ్, నరసరావుపేటలో నేను పనిచేసే ఫ్లెక్సీ షాపుకొచ్చాడు. నా ఫోటోలో మొహాలు, చెయ్యి చాలు, వెనక గోలంతా తీసేయమన్నాడు. తీసేశాను. రెండు నిమిషాల పని. ఎందుకని అడగలేదు, బుద్ధిలేనిదాన్ని.

ఫిబ్రవరి 17

'మా పెద్దాయన కాలర్ పట్టుకున్న రౌడీ.' ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా అదే. ప్రభ లేదు. చెయ్యి ఉంది.

చీకటి పడ్డాక బాబాయి ఇంటి మీద రాళ్ళు పడ్డాయి. ఆయన భార్య పోలేరమ్మ పిన్ని నుదురు చిట్లింది. చూసినవాళ్ళు లేరా అంటే ఉన్నారు, ఎవరి పార్టీ కళ్ళు వాళ్ళకున్నాయి. పెదనాన్న నోరు విప్పలేదు. పంచాయతీ ఎలక్షన్లు కదా, ఎందుకు విప్పుతాడు?

ఫిబ్రవరి 18

చేసినదాన్ని వెనక్కి తీసుకునే కంట్రోల్ జెడ్ షాపులోనే పనిచేస్తుంది, ఊళ్ళో కాదు.

ఫిబ్రవరి 19

పొద్దున అసలు ఫోటో ఊరి గ్రూపులో పెట్టాను. ఏఐతో చేశావన్నారు. ఎంతకు అమ్ముడుపోయావన్నారు. పది నిమిషాల్లో నన్ను రిమూవ్ చేశారు. మధ్యాహ్నం, పెదనాన్న మీద చెయ్యి చేసుకున్నాడని పోలీసులు బాబాయిని తీసుకెళ్ళారని అమ్మ ఫోన్ చేసింది.

ఒళ్ళు మండింది. అసలు ఫోటో నాలుగడుగుల షీటు మీద ప్రింట్ తీసి, చుట్ట చుట్టి, బస్సులో ఊరికి పట్టుకొచ్చి పెదనాన్న మంచం మీద పరిచాను. ఆ కత్తిరించింది నేనేనని కూడా చెప్పేశాను. తిడతాడనుకున్నా. ఆయన వంగి, తన తలకి, ప్రభకి మధ్య వేలు పెట్టి చూశాడు. జానెడు కూడా లేదు.

"ఇంత దగ్గరికొచ్చిందని నాకు తెలవదే, వాసంతీ. సందు దొరికింది కదా అని పాత కచ్చతో పట్టుకున్నాడనుకున్నా" అన్నాడు.

ఫోటోలో ఉన్న మనిషే పూర్తి ఫోటో చూడలేదు. నేను ఆయన్ని ఎంత తిట్టుకున్నాను.

ఫిబ్రవరి 20

పెదనాన్న ఆ షీటు చంకలో పెట్టుకుని స్టేషన్‌కి వెళ్ళాడు.

సాయంత్రం ఒకే బండి మీద ఇద్దరూ వచ్చారు. మా ఇంటి ముందు గుంత దగ్గర బండి ఊగితే, వెనకున్న బాబాయి పెదనాన్న భుజం పట్టుకున్నాడు. గుంత దాటాక కూడా తీయలేదు.

నా చేతిలో ఫోన్ ఉంది. ఊరికే చూస్తూ నిలబడ్డాను.