తూచమని రాయని కాగితం

ఓడిల్ అక్కా,

చేతులు ఎలా ఉన్నాయి? మూడుసార్లు ఫోన్ చేసి, నువ్వు ఎత్తకముందే పెట్టేశాను. అందుకే రాస్తున్నాను.

నిన్న ఆల్బనీలో శాసనసభ కమిటీ విచారణకు వెళ్లాను. సరుకుల ప్యాకెట్ల మీద ఔన్సులు తీసేసి, గ్రాములూ లీటర్లూ మాత్రమే వేసుకోనివ్వమని అడిగాను. బరువుకూ ఔన్సే, ద్రవానికీ ఔన్సే, జనం పొరబడుతున్నారని చెప్పాను. కమిటీలో ఒక పెద్దాయన నవ్వాడు.

"మా అమ్మమ్మ కాలం నుంచీ ఔన్సులే కదమ్మా! ఇంతవరకూ ఎవరికేమైంది?"

"మా అక్కకి" అనబోయి ఆగిపోయాను.

సబ్బులోకి కాస్టిక్ సోడాను నువ్వు ఔన్సుల గీతలున్న నీళ్ల కప్పుతో కొలిచావనీ, అది ఎక్కువై చేతులు కాలాయనీ, నేను రాసిచ్చింది నువ్వు సరిగ్గా చదవలేదనీ అందరికీ చెప్పింది నేనే. ఇంటికొచ్చి ఆ కాగితం వెతికి చూశాను. సోడా డబ్బా మీద ఉన్నట్టే ఔన్సుల్లో, "ఎనిమిది ఔన్సులు" అని రాశాను. తూచమని ఎక్కడా రాయలేదు. నువ్వు చదివింది సరిగ్గానే చదివావు.

మంగళవారం మళ్లీ రమ్మన్నారు. నువ్వూ రా అక్కా. మాట్లాడక్కర్లేదు, పక్కన కూర్చుంటే చాలు. తప్పు నాదని నేనే చెబుతాను.

నువ్వు రాకపోయినా చెబుతాను.

నీ చెల్లెలు