కేసు కట్టలో ఖాళీ చోటు

అక్కకు, మేమిద్దరం క్షేమం. పేపర్లో చూసి కంగారుపడకు.

ఇద్దరు ఆడవాళ్ల పెళ్లి చెల్లదనే చట్టం మీద నేనూ నర్సమ్మా వేసిన కేసు నిన్న విచారణకు వచ్చింది. ఇరవై ఏళ్లుగా పుస్తకాలు కుట్టిన చెయ్యి కదా, కేసు కాగితాలన్నీ దారంతో కుట్టి, బంక పెట్టి, అట్ట వేసి మరీ పట్టుకెళ్లాను. కోర్టు గుమాస్తా తల పట్టుకున్నాడు. "ఏంటమ్మా ఇది? రేపు ఇంకో కాగితం వస్తే ఎక్కడ పెట్టాలి? తాడుతో కట్టి తెస్తే చాలదూ?" అన్నాడు. మా నర్సమ్మ పక్కున నవ్వి, తన ఆసుపత్రి సంచిలోంచి కట్లు కోసే కత్తెర తీసిచ్చింది. వరండా బల్ల మీద కూర్చుని కుట్టంతా విప్పాను.

లోపల సర్కారు వకీలు, మేం అద్దె పంచుకునే స్నేహితురాళ్లం మాత్రమేనన్నాడు. కలిసి ఉంటున్న ఈ పన్నెండేళ్లలో మా ఇంటివాళ్లెవరూ మమ్మల్ని జంటగా ఎంచలేదట. జడ్జిగారు నెమ్మదిగానే, "మీవాళ్ల మాట ఒక్కటైనా ఉందా?" అని అడిగారు. పై నెలకు వాయిదా పడింది.

బావగారి మోకాలు ఎలా ఉంది? నర్సమ్మ చెప్పినట్టు కాపడం పెడుతున్నావా? చిన్నదాని సైన్సు పుస్తకం అట్ట ఊడిందన్నావు, పంపు.

కట్టలో ఒక్క కాగితం పట్టే చోటు ఉంచి మళ్లీ కుట్టాను. మేం నీకేమవుతామో రెండు ముక్కలు రాసి పంపు. నర్సమ్మ నాతో ఉంటున్నప్పటినుంచీ, పోస్టుమాన్ చదువుతాడని నువ్వు ఉత్తరాలన్నీ కవర్లో పెట్టి అంటిస్తున్నావు. ఈ ఒక్కటీ కార్డు మీద రాయక్కా.

పిల్లలకు ముద్దులు.

నీ చెల్లెళ్లిద్దరూ