ఎడమచేతి కత్తెర

తమ్ముడూ,

అక్షరాలు కోడి కెలికినట్టున్నాయని కంగారుపడకు, ఎడమచేత్తో రాస్తున్నాను. పోయినేడు పేగులో తీసేసిన క్యాన్సర్ ఈసారి నా కుడి బొటనవేలి ఎముకలో తేలింది. అలా రావడం చాలా అరుదట. డాక్టరు తన శిష్యులందర్నీ పిలిచి, కొత్త కోడలిని చూపించినట్టు ఆ వేలు చూపించాడు. తర్వాత తీసేశాడు. నొప్పి పోయింది, అన్నం సయిస్తోంది. ఇంకెన్నాళ్లని నేనడగలేదు.

మన టైలరింగ్ షాపులో మీ వదిన మిషను తొక్కుతోంది, కటింగ్ మాత్రం నేనే చెయ్యాలి. చిన్నప్పుడు నీ ఎడమచేతి అలవాటు మాన్పించాలని అక్కడే స్కేలుతో కొట్టేవాణ్ణి. నువ్వు మానకపోవడమే మంచిదైంది. నీ కత్తెర పట్టుకొచ్చి, నాలుగు రోజులుండి నాకు నేర్పు. తప్పు కత్తిరిస్తే వేళ్ల మీద ఒక్కటి వెయ్యి. స్కేలు ఆ మేకుకే ఉంది.

కాకపోతే ఇప్పుడు తొమ్మిదే ఉన్నాయి, చూసి కొట్టు.

మీ అన్నయ్య