బొమ్మలు నావి, మాటలు అజయ్‌వి

7 డిసెంబర్ 2009
కాలేజీ బంద్. హాస్టల్ ఖాళీ చేయమన్నారు. అజయ్, నేను ఒకే రైలెక్కాం. ఫైన్ ఆర్ట్స్‌లో మొదటి ఏడు నుంచీ నా పక్క సీటే. తనది జనగామ, నాది మరిపెడ దగ్గర తండా. నా కామిక్ పేజీల్లో మాటల బెలూన్లు ఖాళీగా ఉంటే దారంతా పెన్సిల్‌తో నింపాడు. నీ బొమ్మలకు నోరున్నది జమ్లీ, మాటలే లెవ్వు అన్నాడు. జనగామ స్టేషన్ బయట జై తెలంగాణ నినాదాలు. దిగి అందులో కలిసిపోయాడు. మహబూబాబాద్ దాకా ఆ పేజీలే చదువుకున్నాను. నేను గీసినవేనా అనిపించింది. అంత బాగున్నాయి.

3 జూలై 2010
ఒక పిల్లల పత్రికలో సీరియల్. నెలకు ఆరు పేజీలు. ఎడిటర్‌గారు బొమ్మలు చాలా మెచ్చుకున్నారు. మాటలు మాత్రం మార్చాలట. రాకుమారుడు, వాళ్లమ్మ మంచి తెలుగు మాట్లాడాలట. అజయ్ రాసిన భాష వంటవాడికి ఉంచొచ్చు, పిల్లలు నవ్వుకుంటారు అన్నారు. అజయ్ లేచాడు. మా అవ్వ మాట్లాడితె నవ్వొస్తదా సార్ మీకు అని అడిగి బయటికి పోయాడు.

నేను కూర్చునే ఉన్నాను. చిన్నప్పటి నుంచి దీని కోసమే గీస్తున్నాను, ఇంటికి డబ్బూ కావాలి. సంతకం పెట్టాను.

5 జూలై
అజయ్ ఫోన్ ఎత్తడం లేదు.

17 అక్టోబర్
తండాకు వచ్చాను. పత్రికలో నా పేరు పెద్దక్షరాల్లో ఉంది. అన్న కూతురు పైకి చదువుతూ, వంటవాడి వంతు వచ్చినప్పుడల్లా గొంతు మార్చి పకపకా నవ్వింది. అమ్మకు తండా భాష కాక, మరిపెడ సంతలో నేర్చిన తెలుగొక్కటే వచ్చు. అంతా విని, గా వంటోడొక్కడే మనిషిలెక్క మాట్లాడుతుండు, కడమోళ్లు ఎవలు బిడ్డా అని అడిగింది.



2 నవంబర్
సీరియల్ మానేస్తున్నానని చెప్పాను. మరో ఆర్టిస్టు దొరికాడట. ఇక నా రాకుమారుణ్ణి ఆయన గీస్తాడు. అజయ్‌కి చెబుదామంటే నంబరు మారింది.

25 సెప్టెంబర్ 2011
సకల జనుల సమ్మె. బస్సుల్లేవు, రైళ్లు లేవు, బడులు లేవు. మరిపెడలో రోడ్డు మీదే వంట, రోడ్డు మీదే తిండి. టీచర్లు వంకాయలు తరుగుతున్నారు. రోజూ పొద్దంతా ఈ ఉద్యమాన్నే గీస్తున్నాను. నలభై పేజీలయ్యాయి. మాటలు రాయబోతే ఎడిటర్‌గారి తెలుగే వస్తోంది. బెలూన్లన్నీ ఖాళీ. అజయ్ ఎక్కడున్నాడు?

24 జనవరి 2012
భూపాలపల్లి వెళ్లొచ్చాను. జనగామలో అజయ్ వాళ్లమ్మను వెతికి పట్టుకుంటే చెప్పింది. వాళ్ల నాయిన సోమయ్య జబ్బుపడి బొగ్గు బాయి పని నుంచి దిగిపోతే, ఆ నౌకరీ కొడుక్కి వచ్చిందట.

అజయ్ షిఫ్టు దిగి నేరుగా హోటల్‌కి వచ్చాడు. బాయి దగ్గరే స్నానం చేసినా కంటి అంచున బొగ్గు, కాటుకలా. చిక్కాడు. ఆ రోజు నేనూ లేవాల్సింది అన్నాను. నీ ఇంటి సంగతి నేను సోంచాయించలే, నాది గూడ తప్పే అన్నాడు. టీ చల్లారిపోయింది. పేజీలన్నీ రెండుసార్లు తిప్పాడు. జర టైమియ్యి, రాస్త అన్నాడు.

బస్సు కదిలేముందు చెప్పాడు. ఈస్టర్ దాటినంక పెండ్లి. చిల్పూర్ పిల్ల, పేరు రాణి.

మంచిది అన్నాను. ఇంజన్ చప్పుడులో వినబడాలని గట్టిగానే అన్నాను.

19 మార్చి
పార్సిల్ వచ్చింది. నా మనుషులందరూ మాట్లాడుతున్నారు. ముప్పై ఒకటో పేజీ తప్ప. అందులో సాయంత్రం దీక్షా శిబిరం టెంటు విప్పుతుంటే ఒక పిల్ల అడుగుతుంది, రేపొస్తవా అని. పిలగాని బెలూన్ ఖాళీగా వదిలాడు. పక్కన చిన్న అక్షరాలు: గీనికి నాకు మాట దొరకలె, నువ్వే రాయి.

పొద్దున్నుంచి పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

8 జూన్ 2014
రాష్ట్రం వచ్చి వారం కాలేదు, పుస్తకం వచ్చింది. అట్ట మీద రెండు పేర్లు, ఒకే సైజులో. తెచ్చిన కాపీలన్నీ ఆవిష్కరణ సభలోనే అయిపోయాయి. ఢిల్లీ పబ్లిషర్ హిందీలో వేస్తామన్నారు, తర్వాతి పుస్తకం కూడా తమకే ఇమ్మన్నారు. అందరూ అజయ్ ఏడీ అని అడిగారు. షిఫ్టు. సాయంత్రం ఫోన్ చేశాడు. అవ్వకు మొత్తం చదివి వినిపించాడట. అచ్చం మనమే మాట్లాడినట్టున్నది కొడుకా అని ఏడ్చిందట. రాణి ఫోన్ తీసుకుని, జమ్లక్కా, ఒక్కపారన్న మా ఇంటికి రారాదు అంది. వస్తానన్నాను.

30 జూన్
మహబూబాబాద్ నుంచి ఒక పాఠకుడి ఉత్తరం. ముప్పై ఒకటో పేజీలో అబ్బాయి మాట పడలేదు, ప్రింటింగ్ మిస్టేక్ కాబోలు అని.

అవునండీ, చూసుకోలేదు అని జవాబు రాశాను.