ఏడు శాతానికి లేచిన చేతులు

ప్రియమైన చెల్లాయికి,

కృపగల దేవుడు నిన్నూ పిల్లలనూ కాచుగాక. ఇక్కడ నేనూ మీ వదినా క్షేమం. నా మోకాళ్ళ నొప్పి తగ్గింది. మందువల్ల కాదు, ప్రార్థనవల్ల. మీరు క్షేమంగా లేరని నీ ఉత్తరమే చెప్పింది కాబట్టి ఆ సంగతి అడగను.

నువ్వు మూడు ప్రశ్నలు వేశావు. వదిన నీకెందుకు రాయడం లేదని మొదటిది. నేనే రాయవద్దన్నాను. పాతికేళ్ళు మిల్లులో రంగుల తొట్ల మీద వంగి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మీ ఆయనకు, పెన్షన్ బదులు ఒకేసారి ఇచ్చిన డబ్బు అంత తక్కువెందుకు వచ్చిందని రెండోది. ఆనాటి సభలో లెక్క తప్పుగా చెప్పానని కార్మికుల ప్రతినిధిగా నేను సంతకం చేసి కాగితం ఇస్తే, మిల్లు ఆఫీసు నెలనెలా పెన్షన్ మళ్ళీ మొదలుపెడుతుందట, ఆ కాగితం ఇస్తానా అని మూడోది.

ముందు రెండోది. నిదానంగా చదువు, నువ్వు లెక్కల్లో ఎప్పుడూ మొద్దువే. ఇరవై ఏళ్ళ తర్వాత మిల్లు నీకు వంద ఇవ్వాలనుకో. దానికోసం ఈరోజు ఎంత పక్కన పెట్టాలి? పెట్టింది ఏటా నాలుగు శాతం పెరుగుతుందనుకుంటే నలభై ఆరు పెట్టాలి. ఏడు శాతం పెరుగుతుందనుకుంటే ఇరవై ఆరు చాలు. వంద మారలేదు, ఏళ్ళు మారలేదు, అనుకోవడం మారింది. దాన్నే డిస్కౌంట్ రేటు అంటారు. రేటు ఎంత పెంచితే, ముసలివాళ్ళకు మిల్లు పడ్డ బాకీ కాగితం మీద అంత చిన్నదవుతుంది. మీ ఆయన చేతిలో పెట్టింది ఆ చిన్నదే. దొంగ తూకపు రాళ్ళ గురించి వాక్యం నీకు చిన్నప్పుడే కంఠతా పట్టించాను. ఇక్కడ రాయి బదులు అంకె, అంతే.

రంగుల విభాగం వాళ్ళకు ఇది తెలియదు. అప్పిచ్చి వడ్డీ తీసుకోవడమే వాళ్ళెరిగిన లెక్క. వడ్డీ ఎక్కువైతే వచ్చేదీ ఎక్కువే కదా! రేటు మార్చాలంటే మిల్లుకు వాళ్ళ ఒప్పుకోలు కావాలి. క్యాంటీన్‌లో బల్ల ఎక్కి నేనే అడిగాను.

"నాలుగు కావాలా, ఏడు కావాలా?"

"ఏడు!" అని రేకులు అదిరేలా అరిచారు.

"సృష్టి ముగించి ఆయన విశ్రమించింది ఎన్నో రోజున?"

"ఏడో రోజున!"

"మీ విశ్రాంతికీ అదే లెక్క. ఎత్తండి చేతులు!"

అరవై రెండు చేతులు లేచాయి, ప్రార్థనలో లేచినట్టే, కళ్ళు మూసుకుని. మీ ఆయన చెయ్యి మాత్రం లేవలేదు.

"బావా, దేవుణ్ణి కాసేపు పక్కన కూర్చోబెట్టు. రేటు పెరిగితే మా చేతికొచ్చేది పెరుగుతుందా, తగ్గుతుందా? ఒక్క ముక్కలో చెప్పు."

జనం నవ్వారు. చదువులేని ప్రసంగీకుడినని నన్ను చూపించి అతను జనాన్ని నవ్వించడం అది మొదటిసారి కాదు. నీ పెళ్ళిలోనూ నవ్వించాడు.

"పెరుగుతుంది, అల్పవిశ్వాసీ," అన్నాను. "నీ ఒక్కడి అనుమానం వల్ల వీళ్ళందరి నోటి కూడు పోతే ఆ పాపం ఎవరిది?"

జనం నవ్వు ఆపి అతని వైపు తిరిగారు. "ఎత్తు గురూ, ఇంటికి పోవాలి," అని పక్కనున్న మేస్త్రీ అతని మోచెయ్యి పట్టి లేపాడు. మర్నాడు అందరూ వరసలో నిలబడి, పెన్షన్ వదులుకునే కాగితాల మీద సంతకాలు చేశారు.

ఇన్నాళ్ళూ నీకు చెప్పనిది ఇప్పుడు చెబుతున్నాను. ఆ సభకు మూడు రోజుల ముందే నాకు లెక్క తెలుసు. గుమాస్తా దగ్గర పుస్తకం అరువు తెచ్చుకుని, వాక్యం నేర్చుకున్నట్టే, పెన్సిల్‌తో ఒక్కో ఏడాది లెక్కా వేసుకుంటూ నేర్చుకున్నాను. మీ ఆయన అడిగినప్పుడు నిజం నా నాలుక మీదే ఉంది. మింగేశాను. మేనేజరు నాకు పైసా ఇవ్వలేదు. నేను లంచానికి అమ్ముడుపోయేవాడిని కాను. ఆ ఒక్క మనిషి అందరి ముందూ నా మాటకు తల వంచడం చూడాలనుకున్నాను, చూశాను. నా కాగితం మీద మాత్రం నేను సంతకం చేయలేదు. నాకు ఒకటో తారీఖున పెన్షన్ వస్తూనే ఉంది.

ఇక మూడోది. కాగితం ఇవ్వను. ఇస్తే అరవై మూడు ఇళ్ళవాళ్ళు నా గుమ్మం ముందు నిలబడతారు, ఆదివారం నా ఎదుట ఒక్కరూ కూర్చోరు. మీ ఆయన దగ్గు ఎలాగూ ఆగేది కాదు. నా నోరు ఆగితే ఎన్ని ఆత్మలు నశిస్తాయో నువ్వెరుగవు.

ఈ ఉత్తరం పట్టుకుని నువ్వు ఆఫీసుకు పరిగెత్తుతావని తెలుసు. వెళ్ళు. తోబుట్టువు దగ్గర నిజం దాచడం పాపం కాబట్టి ఇదంతా చెప్పాను గానీ, చేత్తో రాయలేదు; మందిరంలోని టైపు మిషను మీద కొట్టాను. వాళ్ళకు కావలసింది సంతకం. నన్ను పిలిచి అడిగితే అబద్ధమాడను, కళ్ళు మూసుకుని నీ కోసం ప్రార్థన చేస్తాను. కింద పేరు ఉండదు. ఎవరు రాశారో నీకు తెలిస్తే చాలు.

ఇట్లు,
నీ అన్నయ్య